మసక పోగొట్టిన మధ్యాహ్నం

ఆ రోజుల్లో మా వైపు ఒక ఇంటి మర్యాద ఎంతటిదో తెలియాలంటే వాళ్ళిచ్చే మంచినీళ్ళు చూస్తే చాలు. పామిడిలో ఎండాకాలం పెన్న ఇసుకలో చెలమ తవ్వితే అడుగున ఊరేవి సగం నీళ్ళు, సగం బురద. మా అమ్మ వాటిని గుడ్డతో వడకట్టి, కుండలో చిల్లగింజ అరగదీసి, తేటపడేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "వచ్చినోళ్ళకు మడ్డినీళ్ళు ఇచ్చేదాని కంటే లేవని చెప్పేది మేలు" అనేది. అట్లాంటి ఇంట్లో పుట్టిన నేను, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, పోయి పోయి మసక మీద పరిశోధనకు కుదిరాను.

మసక అంటే ఏదో వేదాంతం అనుకునేరు, నిజంగా మసకే. అనంతపురంలో మా కాలేజీ సారొకాయన (కోస్తా నుంచి వచ్చినాయన, విద్యార్థులు చాటుగా 'మసక సారు' అనేవాళ్ళు) ద్రవస్ఫటికాల మీద పనిచేసేవారు. ఆ పదార్థం చూడ్డానికి తెల్లటి పొడి. వేడిచేస్తే అన్నిటిలాగా ఒక్కసారిగా కరిగి ఊరుకోదు. మొదట పలచటి మజ్జిగలాగా మసగ్గా కరుగుతుంది, ఇంకా వేడిచేస్తే ఉన్నట్టుండి తేటబడుతుంది. మసకలో ఉన్నప్పుడు అది నీళ్ళలాగా పారుతుంది, కానీ లోపల అణువులు మాత్రం బడిపిల్లలు ప్రార్థనకు నిలబడినట్టు ఒక తీరుగా ఉంటాయి. విడ్డూరమంతా ఆ మసకలోనే. తేటబడిందంటే బడి వదిలినట్టే. "అమ్మాయ్, తేట ఎవడికైనా వస్తుంది. మసకను నిలబెట్టడమే విద్య" అనేవారు సారు.

ఇదంతా మా నాయనకు చెప్పేదెట్లా? ఆయన సేద్యగాడు. ఎమ్మెస్సీతో చదువు అయిపోయిందని ఆయన లెక్క. ఊళ్ళో ఆడపిల్లల బడిలో నాకు టీచరు పని కూడా మాట్లాడి పెట్టాడు. "చదువు అయిపోయినాదంటావు, మళ్ళా చదువుకుంటాండానంటావు. ఇదేం కథమ్మా? నేనొచ్చి కండ్లారా చూస్తా. బాగుంటే ఉండు, లేకుంటే నాతోనే బస్సెక్కు" అని కబురంపాడు. నాకు అన్నం సయించలేదు. పాఠం చెప్పడం తక్కువ పనని కాదు, ఆ మసకను విడిచి ఉండలేని పిచ్చి అప్పటికే పట్టేసింది.

అన్నట్టే ఒక మధ్యాహ్నం నాయన తలగుడ్డ చుట్టుకొని, భుజాన బుడ్డల సంచితో (బుడ్డలంటే మా వైపు వేరుశనగ కాయలు) లాబులో దిగాడు. పదార్థమున్న గాజుగొట్టాన్ని మేము గాజుపాత్రలోని నూనెలో నిలబెట్టి, కింద స్పిరిట్ దీపం పెట్టి కాచేవాళ్ళం. నూనె అంటే మా జిల్లాలో ఇంకేముంది, వేరుశనగ నూనే. నాయన గడపలోనే ముక్కు ఎగబీల్చి, "ఏమ్మా, ఈడ బోండాలు కాలుస్తాండారా?" అన్నాడు. సారు క్లాసులో ఉన్నారు. "మసకలోనే ఉంచు, మీ నాన్నగారికి నేనొచ్చి వివరంగా చెబుతా" అని నాకు చెప్పి మరీ వెళ్ళారు. పొద్దున్నుంచి ఆయన కాపాడుకుంటూ వచ్చిన మసక గొట్టంలో చిక్కగా నిలబడి ఉంది.

నాయన వంగి చూశాడు, మొహం చిట్లించాడు. "ఇదేందమ్మా, ఎండాకాలం చెలమ నీళ్ళ మాదిరుండాది?" అన్నాడు. అంతే, నాలోని ఎమ్మెస్సీ ఎటుపోయిందో పోయింది, మా అమ్మ కూతురు లేచి కూర్చుంది. వచ్చిన మనిషికి, అందులోనూ కన్నతండ్రికి, మడ్డి చూపించడమా! "రవ్వంతసేపు ఉండు నాయనా, తేటబడతాది" అని దీపం వత్తి పైకి లాగేశాను. కాసేపటికి మసకంతా పోయి గొట్టం నిగనిగలాడింది. "ఆఁ, ఇప్పుడు బాగుండాది. శానా తేటగా ఉండాది" అని నాయన మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే సారు వచ్చారు. గొట్టం చూసి చేతిలోని సుద్దముక్క జారవిడిచారు. "ఏదమ్మా, నా మసకేదీ?" అన్నారు (ఇల్లు దోపిడీ అయిన మనిషి గొంతు అది). నేను తల వంచుకొని, "నాయన వచ్చినాడని తేట చేసినా సార్" అన్నాను. నాయనకు సారు దిగులు అర్థం కాలేదు. "ఏం సారూ, మురికి పోతే మంచిదే కదా? మా పాప పని శుద్ధంగా ముగించినాది. సంచి సర్దుకోమ్మా, బస్సుకు పోదాం" అన్నాడు. పని బాగుంటే ఉండనిస్తానన్న మనిషి, పని అయిపోయిందని మెచ్చుకొని మరీ తీసుకుపోతున్నాడు!

సారు దీపం ఆర్పేశారు. "పెద్దాయనా, బస్సుకు ఇంకా టైముంది. కాస్త దీన్నే చూస్తూ ఉండండి" అన్నారు. నూనె మెల్లగా చల్లారింది. తేటలో ఎక్కడో నీలిఛాయ ఒకటి మెరిసి, పాకి, మాయమైంది. దాని వెనకే తెల్లగా మసక కమ్ముకొచ్చింది. ఏటేటా వాన కోసం పడమటి దిక్కు చూసి చూసి మెడ పట్టేసిన మనిషి మా నాయన. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "అమ్మయ్యా, మోడం పట్టినాది" అన్నాడు. (మోడమంటే మా వైపు మబ్బు.) "మళ్ళా ఒకతూరి చెయ్యి." చేశాను. మళ్ళా అన్నాడు, మళ్ళా చేశాను. పామిడి బస్సు వెళ్ళిపోయింది. సారు బుడ్డలు ఒలుచుకుంటూ అణువుల ప్రార్థన సంగతి చెబుతూనే ఉన్నారు. నాయన ఒక్క ముక్కయినా విన్నట్టు లేదు.

పోయేటప్పుడు గడపలో ఆగి నా వైపు తిరిగాడు. "నీళ్ళనుకొని తేటగుండాలంటి. ఇది ఆకాశమని నువ్వన్నా చెప్పకపోతివి. మోడం పట్టినప్పుడు చేను విడిచి ఇంటికి పోయేటోడు యాడన్నా ఉంటాడా? ఉండు" అన్నాడు. బడిలో టీచరు పని ఊళ్ళో ఇంకెవరికో పోయింది. నేను ఆ మసకలోనే ఉద్యోగమంతా గడిపాను. ద్రవస్ఫటికాల గురించి మా నాయన చెప్పినంత బాగా నేను ఏ సభలోనూ చెప్పలేకపోయాను. ఇప్పుడాయన లేడు, ఆ రెండు మాటల కోసం మనసు కొట్టుకుంటుంది.

మొన్న కంటి డాక్టరు చూసి, "రెండు కళ్ళకూ మసక వచ్చిందమ్మా, చిన్న ఆపరేషను, తేటబడిపోతుంది" అన్నాడు. సరేనన్నాను గాని, దీపం వత్తి పైకి లాగిన ఆ పిల్ల గుర్తొచ్చి అక్కడే నవ్వేశాను. ఎవరైనా తేట చేస్తామంటే ఇప్పటికీ ఒక క్షణం గుండె జల్లుమంటుంది నాకు.