ఇరుసు మీది నల్లరంగు

భూపాలపల్లిలో హమీద్ మెకానిక్ షెడ్డుకు వచ్చే ఆఖరి అంబాసిడర్ జగపతిది. దాని వెనక ఇరుసుకు లీకు ఆపే రబ్బరు సీలు రెండుసార్లు మార్చినా నూనె కారి బ్రేకుల్లోకి చేరుతోంది. ఈసారీ ఆగకపోతే తుక్కుకు అమ్మేస్తానన్నాడు జగపతి. అందుకే హమీద్‌కు కాలు నిలవడం లేదు. కారు కిందికి దూరుతాడు, లేచి చేతులు తుడుచుకుంటాడు, మళ్లీ దూరుతాడు. "జర కూసో భాయ్, నిన్ను చూస్తుంటె నాకే పరేషానైతంది" అన్నాడు జగపతి.

ఇరుసు గొట్టం పైన, లోపలి గాలి బయటికి పోయే సన్నని రంధ్రం ఎంత తడిమినా దొరకలేదు. నిరుడు హమీద్ ముచ్చటపడి వేసిన నల్లరంగే దాన్ని పూడ్చేసింది. సూదితో పొడిస్తే లోపల బిగిసిన వేడిగాలి బుస్సుమంది. ఇన్నాళ్లూ సీలును తోసి నూనెను బయటికి నెట్టింది అదే. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. హమీద్ లేచి "తప్పు నాదే అన్నా, రంగేసి దాని ముక్కు మూసిన" అన్నాడు. జగపతి వంగి చూశాడు. "రంగు మాత్రం గట్టిదే ఏసినవ్ తియ్" అంటూ తాళంచెవి అందుకున్నాడు.