ఐదు నిమిషాల పెళ్ళి

నా పెళ్ళి ఆరు డీవీడీలు. ఏలూరులో మా ఇంటి బీరువా అడుగున, చీరల మధ్య ఉండేవి. ఒక్కోదాని మీద అమ్మ చేతిరాతతో పేర్లు. ఆరోది 'అప్పగింతలు'. నలుగురిలో నోరు విప్పని అమ్మ, ఆ రోజు ఒక్కసారే పాడింది. అమ్మ పోయాక ఆ గొంతు మిగిలింది ఆ డిస్కులోనే. అదీ తిరుగుతూ తిరుగుతూ మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది.

అందుకే అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కిద్దామని సాఫ్ట్‌వేర్ల వేటలో పడ్డాను. మొదటిది ముందే డబ్బు అడిగింది. సరుకు చూడకుండా డబ్బివ్వడం మా ఇంటా వంటా లేదు. రెండోది ఏ ఫార్మాటు, ఎంత నాణ్యత అంటూ పెళ్ళిచూపుల్లో మేనత్తలా యక్షప్రశ్నలు వేసింది. మూడోది బుద్ధిమంతురాలిలా కనిపించింది. ఒకటే ఆకుపచ్చ బటను, పైన 'ఉచితం' అన్న మాట. దాన్ని నమ్మాను. ఆరు డిస్కులకీ ఆరుసార్లు 'పూర్తయింది' అని టిక్కు పెట్టింది. ఎంత చురుకైనదో అని మురిసిపోయాను కూడా.

సరిచూసుకోలేదా అంటే, చూశాను. మా వైపు స్టూడియోల వాళ్ళు ప్రతి డిస్కు మొదట్లోనూ వినాయకుణ్ణి తిప్పుతారు. తర్వాత శుభలేఖ, ఆ తర్వాత గులాబీల మధ్య వధూవరుల మొహాలు. ఒక్కో ఫైలూ తెరిచి, వినాయకుడు కనపడగానే దణ్ణం పెట్టి మూసేశాను. ఆరోదాన్ని ముందుకు జరిపి చూసే ధైర్యం లేదు. అమ్మ పోయి అప్పటికి మూడు నెలలే.

ఆ వారమే మండవల్లి నుంచి మా మరిది వచ్చాడు. అక్కడ అతనికి చేపల చెరువులున్నాయి.

"పాత డిస్కులుంటే పారేయకండి వదినగారూ. చెరువు మీద తాళ్ళకి కడితే ఆ మెరుపుకి చేపల్ని మింగే నీటికాకులు వాలవండి" అన్నాడు.

ఆరూ సంచిలో వేసి ఇచ్చేశాను. కాపీ ఉందిగా!

అమ్మ సంవత్సరీకానికి తాడేపల్లిగూడెం వెళ్ళాను. నాన్న బియ్యం కొట్టు మానేసి ఇంటిపట్టునే ఉంటున్నారు. సాయంత్రం చుట్టాలు వెళ్ళాక, "అమ్మ పాట పెట్టమ్మా" అన్నారు.

పెట్టాను. వినాయకుడు, శుభలేఖ, గులాబీలు. అమ్మ వచ్చి పీటల పక్కన కూర్చుంది. కొంగు సర్దుకుంది. గొంతు సవరించుకుంది. సరిగ్గా అక్కడ తెర నల్లబడి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. మిగతాది కావాలంటే పూర్తి వెర్షను కొనాలట. గబగబా మిగతా ఐదూ తెరిచాను. ఒక్కోటీ ఐదు నిమిషాలే.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మూట పైన గుప్పెడు చూసి తీసుకున్నావా అమ్మా?"

అంతే అన్నారు. చిన్నప్పుడు కొట్లో నా చెయ్యి పట్టుకుని, మూట మధ్యలోంచి బియ్యం తీసి చూడాలని నేర్పిన మనిషి. తిట్టినా బావుండేది.

ఆ సాఫ్ట్‌వేర్ మీద ఒళ్ళు మండిపోయింది. పని ఎగ్గొట్టేవాళ్ళని చూశాను గాని, ఎగ్గొట్టి పక్కన టిక్కు పెట్టేవాళ్ళని చూడలేదు. నమ్మించి గొంతు కోసింది.

మర్నాడే మండవల్లి వెళ్ళాను. చెరువు మీద డిస్కులు గాలికి తిరుగుతున్నాయి. ఎండకి రంగు పోయి తెల్లబడ్డాయి. అమ్మ రాసిన 'అప్పగింతలు'లో రెండక్షరాలు మిగిలాయి. ఆ తాడు మీదే ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

"మొదట్లో బెదిరాయండి. ఇప్పుడు అలవాటైపోయింది వాటికి" అన్నాడు మరిది, నా మొహం చూడలేక.

ఆరోది విప్పించుకుని తెచ్చుకున్నాను. మెత్తటి గుడ్డతో తుడిచి పెడితే, డ్రైవు కాసేపు గరగరలాడి బయటికి నెట్టేసింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ నెట్టేసింది. తప్పు డిస్కుది కాదు, నా ఉచిత వెర్షనుదేనేమో అనుకుని పూర్తి వెర్షను కొన్నాను. ఎంతో మర్యాదగా స్వాగతం చెప్పి, ఇక నిమిషాల లెక్క లేదంది. కింద ఆ ఆకుపచ్చ బటను, దాని మీద ఒకటే మాట.

డిస్కు పెట్టండి.