ఎనిమిది మంది గది

చికాగోలో నల్లవాళ్ల పేటలోని ఆ సర్కారు బడికి వెర్లీన్ టాలివర్ ముప్పై ఒక్కేళ్లుగా గుమాస్తా. బడి తెరిచిన ఇరవయ్యో రోజున పిల్లల లెక్క పంపేది ఆమే. నల్లపిల్లలెందరు, ఉచిత భోజనం తినేవాళ్లెందరు, ఏ గదిలో ఎందరు? ఆమె కాగితంలో ఏనాడూ తప్పు దొర్లలేదు. చక్రాల కుర్చీల్లో వచ్చే ఎనిమిది మందికి పోట్లాడి మరీ పెద్ద గది ఇప్పించింది. ఆ ఏడూ ఉన్నదున్నట్టే రాసింది: గది ఒకటి, పిల్లలు ఎనిమిది.

పైఆఫీసు లెక్కలో ఏ గదికైనా ముప్పై మంది ఉండాలి. ఖాళీలు ఎక్కువున్నాయని బడి మూసేస్తామన్నారు. మూసివేత గురించి అధికారులు పెట్టిన సభలో వెర్లీన్ లేచి అరిచింది.

"ఇంకో ఇరవై రెండు మందిని ఎక్కడ కుక్కుతావయ్యా? చక్రాల కిందా?"

కుర్ర అధికారి కాగితం తిప్పి చూపించాడు. "ఈ అంకెలు మీరు పంపినవేనమ్మా. సంతకం మీదే."



బడి ఆఖరి రోజున, ఆ ఎనిమిది మందిలో ఒకడైన జమారియన్ తల్లి కొడుకు కుర్చీ తోసుకుంటూ వచ్చింది. "మిస్ వెర్లీన్, కొత్త బడికి అన్నీ మెట్లేనటగా? వీణ్ణెలా ఎక్కించను?"

వెర్లీన్ తలెత్తలేదు. బదిలీ కాగితం మీద ఎప్పట్లాగే పొందికగా సంతకం పెట్టింది.