చెడగొట్టే బుట్ట

అక్క పోయిందన్న కబురు నేను కాఫీపళ్లు ఒలిచే షెడ్డులో ఉండగా వచ్చింది. జ్వరమని విశాఖ ఆసుపత్రిలో చేరిన మనిషి, కోతలు ముగిసేలోగా తిరిగొస్తానంది. మిషను ఆపేశాను. అరకులో మా చిన్న కాఫీ కంపెనీని మొదలుపెట్టింది ఆవిడే. షెడ్డు చూసుకునే నాకూ, పళ్లు కోసే ఆడవాళ్లకూ, అందరికీ అక్కే.

అక్కకు కట్టుబాట్లంటే గిట్టదనుకునేరు. పచ్చికాయలు కనిపిస్తే బుట్ట మొత్తం వెనక్కి పంపేది. కానీ ప్రతి సంతరోజూ ఒక బుట్ట పళ్లు పక్కన పెట్టించేది. దాని పేరు చెడగొట్టే బుట్ట. ఎవరైనా దాంతో ఏ ప్రయోగమైనా చెయ్యొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. చేసింది మాత్రం అందరి ముందూ చెప్పాలి.

"సెడితే సెడనీ. ఏటి సేసినావో దాసకుండా సెప్పు" అనేది.

చాలాసార్లు చెడింది. నా ప్రయోగం రుచి చూసి అక్క ఉమ్మేసి, పొట్ట పట్టుకుని నవ్వింది. కోతకొచ్చే ఒకావిడ పళ్లను కుండలో పోసి మూతికి మట్టి మెత్తి పులియబెట్టింది. మాకు పేరు తెచ్చిన రుచి ఆ కుండలోంచే వచ్చింది.

ఆ పేరు విని నగరం నుంచి పెట్టుబడిదార్లు వచ్చి కంపెనీలో పెద్ద వాటా కొన్నారు. వాళ్ల కంట్లో మొదట పడింది ఆ బుట్టే. వేస్టేజీ అన్నారు. కొనేవాళ్లకు నిరుటి రుచే కావాలన్నారు. కొత్తగా ఏం చెయ్యాలన్నా ముందు మెయిలు పెట్టి అనుమతి తీసుకోమన్నారు. కోసిన పండు మెయిలు కోసం ఆగుతుందా? అనుమతి వచ్చేసరికి కుళ్లిపోయేది. అక్క మీటింగులో పోట్లాడి ఓడిపోయింది. బుట్టను మూల బోర్లించారు. ఆ తర్వాత కూడా సంతరోజున వచ్చి దాని పక్కనే కూర్చునేది.

"బిడ్డ కావాలంతారు, పురుడొద్దంతారు" అంది ఒకసారి.

సంతాప సభకు వాళ్లే పెద్ద ఫొటో తెచ్చారు. కింద 'ఇన్నోవేషన్‌కు మారుపేరు' అని రాయించారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. కుండకు మట్టి మెత్తినావిడ లేచి అడిగింది: "మరైతే ఆ బుట్టెందుకు బోర్లించినారు బాబూ?"

"అది తర్వాత మాట్లాడదాం" అన్నాడు ఫొటో తెచ్చినాయన.

మొన్న సంతరోజున బుట్టను నేనే తిప్పి పెట్టాను. ఉద్యోగం ఊడితే ఊడనీ. మెయిలు పెట్టలేదు. చేసింది దాచకూడదు గనుక మీ అందరి ముందూ చెబుతున్నాను. కోత ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు దాన్ని చూశారు. ఒక్కొక్కరూ తమ బుట్టలోంచి దోసెడు పళ్లు అందులో పోసి వెళ్లారు. అది నిండి, పళ్లు కిందికి దొర్లుతున్నా పోస్తూనే ఉన్నారు.