సైలస్ గొంతుకి కోసిన వెదుళ్ళు

గిజో దీవి పడమటి ఒడ్డున ఉన్న మా కెవూ ఊళ్ళో ఎవరి హవాయి చెప్పు కనబడకపోయినా ముందు టబితా ఇంటికే వెళ్ళి వెతుకుతారు. ఆవిడ దొంగ కాదు పాపం, వెదుళ్ళు వాయిస్తుంది. పొట్టీ పొడుగూ వెదురు గొట్టాలు వరసగా కట్టి, వాటి మూతుల మీద రబ్బరు చెప్పుతో ఫట్ ఫట్‌మని కొడితే లోపల్నుంచి ఒక మోత లేస్తుంది చూడండీ, అది విని కూడా కాళ్ళు కదపకుండా కూర్చున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు! ఆ మోతకి చెప్పులు కావాలి. అవి అరిగిపోతాయి, మళ్ళీ కావాలి. అరవై దాటి, పెళ్ళీడు మనవరాలు ఉన్న మనిషి చర్చి గుమ్మం ముందు విడిచిన చెప్పుల వంక ఇప్పటికీ ఆశగా చూస్తుంది.

సాలమన్ దీవులకు స్వాతంత్ర్యం వచ్చి నలభయ్యేళ్ళయిన ఏడు అది. దీవి అవతలి వైపున్న గిజో పట్నం మైదానంలో పెద్ద సంబరం పెట్టారు. కెవూ ఊరికి ఒకే ఒక్క పాట దక్కింది. టబితాకి ఆ వార్త తెలిసిన క్షణం నుంచి కాలు నిలవలేదు. నలభయ్యేళ్ళ కిందట, జెండా ఎగిరిన రోజున, తన మొగుడు సైలస్ సొంతంగా కట్టి పాడిన పాట అదే మైదానంలో మళ్ళీ మోగాలి. ఆవిడ పట్టు అదీ. సైలస్ లేడు, సముద్రం తీసుకుపోయింది. పాట కూడా పోతే అలాంటి మనిషి ఒకడుండేవాడని ఈ పిల్లలకి తెలిసేదెలా?

నిర్వాహకులు మాత్రం మెలిక పెట్టారు. మనవరాలు వెల్మా కీబోర్డు జట్టూ, టబితా వెదుళ్ళ జట్టూ కలిసి వాయిస్తేనే ముసలివాళ్ళని వేదిక ఎక్కిస్తారట. కుదరకపోతే పిల్లల కీబోర్డు ఒక్కటే, వాళ్ళ పాట ఒక్కటే.

అసలీ వెదుళ్ళ కథ రెండో ప్రపంచ యుద్ధంతో మొదలైంది. టబితా తండ్రి కుర్రతనంలో పక్క దీవి మీది ముండాలో అమెరికా సిపాయిల పెట్టెలు మోశాడు. వాళ్ళు వెళ్ళిపోయేటప్పుడు ఒక సిపాయి ఆయన చేతిలో మౌత్ ఆర్గాన్ పెట్టి భుజం తట్టాడట. అంతవరకూ మావి చర్చి పాటలు, తాతల నాటి గొట్టాల పిల్లనగ్రోవులు. మౌత్ ఆర్గాన్ వచ్చింది, వెనకే గిటార్లు వచ్చాయి, ఊరు ఊరంతా వెర్రెత్తిపోయింది! అయితే గిటార్లకి కింద గట్టి దరువు లేదు. తండ్రి లావుపాటి వెదుళ్ళు కోసుకొచ్చి, మౌత్ ఆర్గాన్ ఊదుతూ, దానితో కలిసేదాకా ఒక్కో గొట్టాన్నీ కొంచెం కొంచెంగా కోసి కట్టాడు. మొదట్లో కొబ్బరి పీచుతో కొట్టేవాళ్ళు. దుకాణాల్లోకి హవాయి చెప్పులు దిగాక ఇంక చూస్కోండి, పక్క దీవి వరకూ వినబడేది.

వెదురు ఎండితే పగులుతుంది. అందుకని పాత గొట్టం పలుకుతుండగానే పక్కన కొత్తది పెట్టి అదే స్వరానికి కోస్తారు. గిటార్లు వెదురుకి శ్రుతి కలుపుకోవాలి తప్ప వెదురు ఎవరికీ లొంగదు. ఆ కోత పని టబితా తండ్రి దగ్గర నేర్చుకుంది. మౌత్ ఆర్గాన్ తుప్పు పట్టి మూగబోయినా దాని స్వరం మాత్రం వెదురు నుంచి వెదురుకి అలా నడిచొచ్చింది.

చంద్రుడి మీద మనుషులు దిగారని రేడియో చెప్పిన ఏడు టబితా ఇంకా బడికెళ్ళే వయసు పిల్ల. అదే రేడియోలో నడుము తిప్పే పాటలు వచ్చేవి. చర్చి పెద్ద చెవులు మూసుకునేవాడు. ఒకసారి వెదుళ్ళు కొట్టే కుర్రాడికి మలేరియా తగిలి పడుకుంటే, టబితా ఎవర్నీ అడక్కుండా చెప్పులందుకుంది. "ఆడపిల్ల వెదుళ్ళు కొట్టడమేమిటి, సిగ్గు లేకుండా!" అని చర్చి పెద్ద గుడ్లురిమాడు. గిటారు పట్టుకున్న సైలస్ మాత్రం పకపకా నవ్వాడు. "కొట్టనివ్వండి అయ్యగారూ, ఆ కుర్రాడికన్నా ఈవిడే గట్టిగా కొడుతోంది!" అన్నాడు. అంతే, టబితా పడిపోయింది. నాలుగైదేళ్ళకి పెళ్ళి.

తరవాత జెండా ఎగిరిన రోజు. గిజో మైదానంలో సైలస్ పాడుతుంటే ఊరి బడి మాస్టరు దాన్ని క్యాసెట్లోకి ఎక్కించాడు. చివరి చరణానికి ముందు సైలస్ వెనక్కి తిరిగి, "టబితా, గట్టిగా!" అని కేకేశాడు. అదీ క్యాసెట్లో పడిపోయింది. ఊరందరి ముందూ మొగుడు పేరెట్టి పిలిచాడని ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది, ఆనందం పట్టలేక అరచెయ్యి ఎర్రబడేలా కొట్టింది!

క్యాసెట్ల కాలం వచ్చాక ఎక్కడో కరీబియన్ సముద్రంలో పుట్టిన ఊగుడు పాటలు మా కొబ్బరి పడవలెక్కి వచ్చేశాయి. సైలస్ వాటినీ వదల్లేదు. వెదుళ్ళు కూడా ఊగడం నేర్చుకున్నాయి. ఆ తరవాత రాజధాని హోనియారాలో తుపాకులు మోగాయి. ఓడల నిండా మనుషులు ఇళ్ళకి పరుగెత్తుకొచ్చారు. అందులో టబితా కూతురు ఒళ్ళో ఏడుస్తూ వచ్చిన పసిపిల్లే వెల్మా. కొన్నాళ్ళు ఎవరూ పాడలేదు. శాంతి సైనికులు వచ్చారు, వాళ్ళతో మెరిసే డిస్కులు వచ్చాయి, మెల్లగా మళ్ళీ పాట మొదలైంది.

ఆపైన సునామీ. ఆ ఉదయం టబితా కొండ మీద తోటలో చిలగడదుంపలు తవ్వుతోంది. నేల ఊగింది. కిందనుంచి సైలస్ కేకలు, "పైకి! పైకెక్కండి!" అని. పిల్లల్ని తోలుకుంటూ ఒడ్డంతా తిరిగి అరిచాడట. పిల్లలందరూ ఎక్కారు. ఆయన ఎక్కలేదు. ఇల్లూ, గిటారూ, వెదుళ్ళన్నీ ఆయనతోపాటే పోయాయి.

క్యాసెట్ ఒక్కటి మిగిలింది. ఎలాగంటే, సైలస్ తమ్ముడు అమోస్ ఇల్లు మెరక మీద ఉంది. ఆయన ఏ వస్తువు తీసుకెళ్ళినా తిరిగిచ్చే అలవాటు లేని మనిషి. సునామీకి ఏడాది ముందు వినడానికని పట్టుకెళ్ళిన క్యాసెట్ అక్కడే పడుంది. ఆ బుద్ధికి టబితా మొదటిసారి దండం పెట్టింది.

టబితా కొత్త వెదుళ్ళు కొయ్యాలనుకుంది. చూసి కొయ్యడానికి పాత గొట్టం ఒక్కటీ లేదు. అందుకని సహాయం సామానుతో వచ్చిన చిన్న టేపు రికార్డరులో క్యాసెట్ పెట్టి, సైలస్ గొంతు వింటూ, ఆ గొంతుకి కలిసేలా ఒక్కో గొట్టాన్నీ కోసింది. కోస్తూ ఏడ్చింది. ఆ రికార్డరు తరవాత పాడైపోయింది. మళ్ళీ క్యాసెట్ వినే వీలే లేకపోయింది. అయినా టబితా దాన్ని బుట్టలో పెట్టుకునే తిరిగేది.

సంబరానికి ముందురోజు పొద్దున్నే అందరూ పడవలేసుకుని గిజో చేరారు. చాన్ దుకాణం వెనక నీడలో వెదుళ్ళు నిలబెట్టి, కీబోర్డు పెట్టి, పాట ఎత్తుకున్నారు. రెండు చరణాలు కూడా కాలేదు, వెల్మా చేతులు పైకెత్తేసింది.

"అమ్మమ్మా, ఆగు ఆగు! ఎక్కడో తేడా కొడుతోంది."

"తేడా ఉంటే నీ డబ్బాలో ఉంటుంది."

"కీబోర్డు తప్పు పలకదు అమ్మమ్మా!"

"ఆహా! తప్పు పలకడానికి నేనున్నాను కదా!"

అమోస్ చెవిలో వేలు పెట్టుకుని తిప్పాడు. "వదినా, పిల్ల అన్నది నిజమే. అన్నంలో రాయి తగిలినట్టుంది."

"నువ్వు నోరు ముయ్యవయ్యా అమోస్! నీకు చెవుడొచ్చి ఎన్నాళ్ళయిందో నీకే తెలీదు."

వెల్మా వచ్చి అమ్మమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. "వెదుళ్ళు కిందికి దిగున్నాయి అమ్మమ్మా. నా రెండు మెట్ల మధ్యలో పడుతున్నాయి. ఇది చర్చివాళ్ళ పాత కీబోర్డు, దీన్ని దించడానికి లేదు. ఒక్కో గొట్టం కాస్త కోసి పొట్టి చేశామంటే పైకొస్తుంది. రంపం తెమ్మంటావా?"

"రంపమా!" టబితా వెదుళ్ళకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది. "ఇవి మీ తాత గొంతే! ఆ గొంతు వింటూ కోశాను. ఆయన గొంతు మీద రంపం పెడతావా? నీకు చేతులెలా వస్తాయే?"

"అయితే రేపు మనం కలవం అమ్మమ్మా. తాత పాట ఉండదు." పాపం, దానికీ ఆ పాటే కావాలి.

టబితా ఊరుకుంటుందా? బుట్టలోంచి క్యాసెట్ తీసి జెండాలా పైకెత్తింది. "సాక్ష్యం ఉంది నా దగ్గర! ఎవరిది తప్పో ఇదే చెబుతుంది. చాన్! ఓ చాన్! నీ పెద్ద టేపు రికార్డరు పనిచేస్తోందా?"

ఒకప్పుడు గిజోలో క్యాసెట్లన్నీ అమ్మిన మనిషి చాన్. బియ్యం బస్తాల వెనకనుంచి పెద్ద రికార్డరు లాక్కొచ్చి, దుమ్ము దులిపి, తీగని గోడ ప్లగ్గులో పెట్టాడు. "క్యాసెట్ పాతబడింది, తెగితే నన్ననకు తల్లీ" అని గొణిగాడు. టబితా మొహంలో గెలిచేసినంత ధీమా.

మీట నొక్కాడు.

గిటారు గలగలమంటూ దూకింది. ఎంత వేగం! వెదుళ్ళు పరుగులు పెడుతున్నాయి. సైలస్ గొంతు లేచింది. పదేళ్ళుగా వీళ్ళు బరువుగా, నెమ్మదిగా, చావింట పాటలా పాడుతున్నది ఇది కాదు. కుర్రాడి గొంతు, తేలిగ్గా, పైకి, కళ్ళు మెరుస్తున్నాయని వినగానే తెలిసిపోయే గొంతు. వెల్మా ఒక్క ఉదుటున కీబోర్డు దగ్గరికెళ్ళి వేళ్ళు పెట్టింది. మెట్టుకి మెట్టు అతికినట్టు కలిసింది.

"ఓర్నాయనో!" అమోస్ నెత్తి కొట్టుకున్నాడు. "ఆ రికార్డరు! దాని బ్యాటరీలు చచ్చిపోయున్నాయి వదినా! టార్చిలో నేను నెలంతా వాడేసినవి, పడెయ్యడమెందుకని దాన్లో వేసింది నేనే! క్యాసెట్ ఈడుస్తూ తిరిగిందన్నమాట!"

"ఆ మాట అప్పుడు చెప్పలేదేం?"

"నాకేం తెలుసు! ఆ రోజుల్లో అన్నీ అలాగే ఈడుస్తున్నాయి కదా!"

దుకాణం ముందు చేరిన జనం గొల్లున నవ్వారు. పదేళ్ళు! ఈ పాట రాగానే కాళ్ళు బరువెక్కుతున్నాయని, వయసైపోయిందని ముసలివాళ్ళందరూ అనుకున్నారు. వయసు కాదు, చచ్చిన బ్యాటరీలు!

టబితా మాత్రం నవ్వలేదు. రికార్డరు ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. ఓడిపోయిందని మేమంతా జాలిపడ్డాం. అప్పుడు చివరి చరణం దగ్గరికొచ్చింది.

"టబితా, గట్టిగా!"

పదేళ్ళ కిందట నీరసం బ్యాటరీల మీద అది విసుక్కున్నట్టు వినబడింది. చేతకాక వెనకబడితే మొగుడు తిట్టాడనీ, ఆ తిట్టే తనకి మిగిలిందనీ టబితా ఒకటి రెండుసార్లు కళ్ళొత్తుకుంటూ చెప్పింది కూడా. ఇప్పుడు వినబడింది తిట్టు కాదు. అందులో నవ్వుంది. ముద్దుంది. చర్చి పెద్ద ముందు పకపకా నవ్విన ఆ గొంతే, కొండ కిందనుంచి "పైకెక్కండి" అని అరిచిన ఆ గొంతే.

"ఇదీ ఆయన గొంతు," అంది టబితా. "ఇదే. నేను మర్చిపోయానే వెల్మా. మీ తాత గొంతు నేను మర్చిపోయాను." చెంపల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి, మొహం చూస్తే వెలిగిపోతోంది. చటుక్కున లేచింది. "చాన్, రంపం! పదునైంది తే! ఏయ్ పిల్లా, అలా చూస్తావేం, మెట్టు నొక్కు!"

ఇక చూడాలి ఆ హడావుడి! వెల్మా మెట్టు నొక్కడం, టబితా కొయ్యడం, అమోస్ చెప్పుతో కొట్టడం.

"ఇంకొంచెం అమ్మమ్మా!"

"ఇంకానా?"

"చాలు చాలు, ఆగు! వచ్చేసింది!"

గొట్టం కలిసినప్పుడల్లా దుకాణం ముందు జనం కేకలు పెట్టారు. వెదురు పొట్టు టబితా జుట్టు నిండా రాలింది. ఆఖరి గొట్టం కలిసేసరికి అమోస్ చెప్పు రెండు ముక్కలైంది. చాన్ అరమీద నుంచి కొత్త జత తీసి విసిరాడు. "తీసుకో. లేకపోతే ఎలాగూ నా గుమ్మం ముందువి పోతాయి" అన్నాడు.

మర్నాడు మైదానం కిక్కిరిసిపోయింది. కెవూ పేరు పిలవగానే పిల్లల కీబోర్డూ, ముసలివాళ్ళ వెదుళ్ళూ ఒకేసారి దూకాయి. కీబోర్డు ఎక్కడ ఆగిందో, వెదురు ఎక్కడ మొదలైందో తెలియనంతగా కలిసిపోయాయి. అసలు వేగంతో! అమోస్‌కి ఆయాసమొచ్చింది, అయినా ఆపలేదు. సైలస్ అరిచి కొండెక్కించిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళై, తమ పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని ఎగురుతున్నారు. వెల్మా పాడుతోంది, తాత మాటలే.

చివరి చరణం వచ్చింది. క్యాసెట్లో సైలస్ కేక పడిన ఆ చిన్న ఖాళీ దగ్గర మేమంతా టబితా వంక చూశాం. అక్కడేం చెయ్యాలో ముందు ఎవరూ అనుకోలేదు.

టబితా చెప్పు పైకెత్తి, మనవరాలి వైపు తిరిగి, మైదానం అవతలి పడవలవాళ్ళకి కూడా వినబడేలా కేకేసింది.

"వెల్మా, గట్టిగా!"