గిన్నెలు పడ్డ మధ్యాహ్నం

విసుగుపుట్టిన పిల్లను ఆడించడం పెద్దమ్మకు ఎడమచేతి పని. బొమ్మల దుకాణం మొహం చూడనక్కర్లేదు, వంటింట్లోకి వెళ్తే చాలు అనేది. తొమ్మిది నెలల పిల్ల రాగం తీయగానే ఖాళీ పాలపొడి డబ్బాలో రుమాళ్ళన్నీ ఒకదానికొకటి ముడేసి కుక్కేది. పిల్ల కొస పట్టుకుని లాగుతుంటే రుమాలు వెనక రుమాలు వస్తూనే ఉండేది. అది మొహం మొత్తితే గిన్నె అంచుకి బట్టల క్లిప్పులు తగిలించేది. పిల్ల ఒక్కొక్కటే పీకి పారేసేది. అదీ అయిపోతే జల్లెడలో నీళ్ళు పోసేది. ఆ సన్నటి ధారలను గుప్పిట్లో పట్టాలని బుడ్డిది పడే అవస్థ చూస్తే నవ్వాగదు.

పిల్ల తల్లి పెద్దమ్మకు చెల్లెలి కూతురు, అంటే వరసకు తనకూ కూతురే. పోస్టాఫీసులో గుమాస్తా. పురుడు సెలవు అయిపోయినప్పుడు "నువ్వొచ్చి ఉంటేనే నా ఉద్యోగం నిలబడుతుంది పెద్దమ్మా" అని బతిమాలింది. పెద్దమ్మకు మొగుడు ఏనాడో పోయాడు, పిల్లా పీచూ లేరు. ముప్పై ఒక్కేళ్ళు మరమగ్గాల మిల్లులో పనిచేసి, ఒంటిగదిలో ఒంటిగా ఉంటున్న మనిషి. పిలుపు అందిన మర్నాడే గది ఖాళీ చేసి పెట్టె పట్టుకుని వచ్చేసింది.

వచ్చింది గానీ, ఒక్క సంగతి కడుపులోనే దాచుకుంది. ఆమెకు చెవులు వినపడవు.

మిల్లులో రెండొందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. అందుకని అక్కడి ఆడవాళ్ళంతా పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. మగ్గానికి అటునుంచి ఒకావిడ అత్తగారిని తిడితే, ఇటునుంచి ఇంకొకావిడ గొంతు విప్పకుండానే వంత పాడేది. మేస్త్రీని వాడి ఎదుటే ఆడిపోసుకున్నా వాడికి తెలిసేది కాదు, వెర్రి మొహం! చెవులు పోయినా ఆ విద్య పోలేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెద్దమ్మ ఒక్క మాట జారనిచ్చేది కాదు. వెనక నుంచి పిలిస్తే మాత్రం పలికేది కాదు. "మా పెద్దమ్మకు పెంకితనం" అని కూతురు నవ్వేది.

పెంకిదనిపించుకోవడమే నయమనుకుంది పెద్దమ్మ. పిల్ల ఏడుపు వినపడని మనిషి చేతిలో పిల్లనెవరు పెడతారు? తెలిస్తే ఆ పూటే పంపించేస్తారు. అందుకే బుడ్డిదాన్ని కళ్ళ ముందు నుంచి కదలనిచ్చేది కాదు. అది నిద్రపోతే తనూ పక్కనే ఒరిగి, దాని పొట్ట మీద చెయ్యేసి ఉంచేది. ఆ ఇంటికొచ్చిన మూడు నెలలూ ఆమె బతుకులో పండగ రోజులే.

ఒక మధ్యాహ్నం ఇద్దరూ క్లిప్పుల ఆటలో మునిగి ఉండగా, కింది వాటాలో ఉండే డ్రిల్లు మాస్టారు గడ్డం నిండా సబ్బు నురగతో లోపలికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందండీ? ఎవరికైనా తగిలిందా? ఇల్లు కూలిందనుకున్నాను!"

పెద్దమ్మ తెల్లమొహం వేసింది. మాస్టారు వంటింటి వైపు వేలు చూపించాడు. గోడకున్న అలమర ఊడి, స్టీలు సామానంతా నేల మీద పరిచినట్టు పడి ఉంది. ఒక మూత ఇంకా గిర్రున తిరుగుతోంది.

"ఇంత మోత అయితే కదలకుండా కూర్చున్నారేంటండీ? పాప కూడా బెదిరినట్టు లేదే!"

"మిల్లులో ఇంతకు పదింతలు విన్నాంలెండి, అలవాటు" అని ఏదో బొంకి ఆయన్ని పంపేసింది. కానీ ఆ చివరి మాట గుండెలో కలుక్కుమంది. పాప కూడా.

మూడు నెలలుగా పిల్లకు తను చూపించిన ఆటలన్నీ కంటికి నచ్చేవే. గలగలమనేది ఒక్కటీ లేదు. తనకు వినపడనిది తనకెలా తోస్తుంది? కబుర్లు చెబుతుంటే పిల్ల కన్నార్పకుండా తన మొహం చూస్తే, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయింది. మొహం కాదే పిచ్చిదానా, పెదాలు! మిల్లులో కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలంతా అచ్చం అలాగే చూసేవాళ్ళు.

రెండు మూతలు తెచ్చి, పిల్ల వీపు వెనక నిలబడి శక్తికొద్దీ కొట్టింది. పిల్ల తాపీగా క్లిప్పు పీకుతూనే ఉంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ. చివరికి ఆమె నీడ గిన్నె మీద పడితే తలెత్తి చూసి కిలకిలా నవ్వింది.

సాయంత్రం కూతురు రాగానే మెల్లగా కదిపి చూసింది. "పిల్ల చెవులు ఒకసారి డాక్టరుకు చూపిద్దామే."

"పోయిన నెలే చూసి బాగుందన్నారుగా. పిలిస్తే పలకదనా? అదీ నీ పోలికే!" కూతురు నవ్వేసి లోపలికి వెళ్ళబోయింది.

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టి ఆపింది. "నేను పలకనిది పెంకితనంతో కాదే అమ్మడూ. నాకు వినపడదు. ఇవాళ గిన్నెలన్నీ పడ్డాయి. నాకూ వినపడలేదు, దానికీ వినపడలేదు."

కూతురి మొహం పాలిపోయింది. "వినపడకుండానే నా పిల్లను మూడు నెలలు చూశావా? ఏదైనా అయ్యుంటే?"

"తిట్టు. ఎంతైనా తిట్టు. రేపే వెళ్ళిపోతాను. ముందు దాన్ని చూపించు."

కూతురు మూతలు అందుకుంది. పిల్ల వెనక నిలబడి తనే కొట్టింది. పిల్ల తిరగలేదు. మూతలు అక్కడే పడేసి బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకుంది.

మర్నాడు ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక చెవుల డాక్టరమ్మ ఉన్న మాట చెప్పింది. లోపం రెండు చెవుల్లోనూ ఉంది. పూర్తిగా పోలేదు, మిషన్లు పెడితే వింటుంది. "చాలామంది మాటల వయసు దాటిపోయాక తీసుకొస్తారమ్మా. మీరు మంచి సమయంలో వచ్చారు. ఎవరు కనిపెట్టారు?"

కూతురు పెద్దమ్మ వైపు చెయ్యి చూపించింది. వరండాలోకి వచ్చాక పెద్దమ్మ తల దించుకునే అంది. "పెట్టె పొద్దున్నే సర్దేశాను."

కూతురు ఆమె గడ్డం పట్టుకుని తల పైకెత్తింది, తన పెదాలు కనపడేలా.

"పెట్టె విప్పెయ్. నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకున్నా తక్కువే పెద్దమ్మా. చెబితే పంపించేస్తానని తెలిసి కూడా చెప్పావు. నా బిడ్డకు నువ్వు కాక ఇంకెవరున్నారు?"

పెద్దమ్మ ఆ మాటలన్నీ పొల్లుపోకుండా చూసింది. వరండా అని కూడా చూడకుండా భోరున ఏడ్చింది.

ఆ తర్వాత కూతురు పిల్లకు మిషన్లు పెట్టించింది, తలుపు గంటకు ఒక దీపం కలిపించింది, మధ్యాహ్నాలు మాస్టారి భార్య పైకొచ్చి కూర్చునేలా మాట్లాడింది. పెద్దమ్మ చెవులకూ పరీక్ష చేయించింది గానీ, అవి మిషన్లకు లొంగే దశ దాటిపోయాయన్నారు. "పోనీలే, పని చేసే చెవులు పిల్లకుంటే చాలు" అంది పెద్దమ్మ.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు కూతురు ఆఫీసు నుంచి పెందలాడే వచ్చింది. పెద్దమ్మ గుమ్మానికి వీపు పెట్టి బఠానీలు ఒలుస్తోంది. కూతురు మరచిపోయి అలవాటుగా "పెద్దమ్మా!" అని పిలిచింది.

బుడ్డిది చటుక్కున తల తిప్పింది. తల్లిని చూసింది. కదలని పెద్దమ్మను చూసింది. గబగబా పాక్కుంటూ వెళ్ళి, ఒళ్ళోకి ఎక్కి, రెండు చేతులతో పెద్దమ్మ బుగ్గలు పట్టుకుని ఆమె మొహాన్ని గుమ్మం వైపు తిప్పింది.