నెట్టీ చంకలో గంటసేపు

మూడో శీతాకాలం కూడా స్టెఫాన్ కళ్ళు పచ్చబడ్డాయి. మూత్రం డికాషన్ రంగులో పోతోంది. మంచు మీద బరువైన రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆటకు రింక్ సిద్ధం చెయ్యడం అతని పని. అక్కడ మంచు పరిచి, చదును చేసి ఇంటికొచ్చేసరికి వేళ్ళ కొసలు నీలంగా కమిలిపోయి ఉండేవి. ఒంట్లో ఎర్రకణాలు పగిలిపోతున్నాయని డాక్టరు చెప్పాడు గానీ, ఎందుకో ఆయనకే తెలియలేదు. రెండేళ్ళలో రెండుసార్లు నెత్తురు పట్నానికి పంపితే, రెండుసార్లూ ఏమీ లేదనే కాగితం వచ్చింది. కారణం తెలియందే మందు లేదు. ఇంకోసారి ఇలా వస్తే మనిషి తట్టుకోడని భార్య వేరాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కెనడాలో, సస్కచువాన్‌లోని ఆ చిన్న ఊరి ఆసుపత్రిలో ఇరవై తొమ్మిదేళ్ళుగా నెత్తురు తీసేదీ, పరీక్షించేదీ నెట్టీయే. పొట్టి మనిషి, నోరు పెద్దది, చెయ్యి మాత్రం మెత్తన. ఏడ్చే పిల్లలు కూడా ఆవిడ సూదికి ఏడుపు మరిచిపోయేవారు.

ఆ మంగళవారం పొద్దున స్టెఫాన్ నెత్తురు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది నెట్టీ. లోపల ఇసుక అంటినట్టు గరుకుగా ఉంది. రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంది. గరుకు పోయింది. బల్ల మీద పెట్టింది. మళ్ళీ గరుకు.

తిన్నగా స్టెఫాన్‌ను చేర్చిన వార్డుకొచ్చి వేరా ఎదుట నిలబడింది.

"తప్పు నాదే వేరా. రెండుసార్లూ నేనే దాన్ని ఐసుపెట్టెలో పెట్టి పంపాను."

"అన్నీ అలాగేగా పంపుతావు?"

"అన్నీ వేరు, మీ ఆయనది వేరు. చలి తగిలితే కణాల్ని పట్టి పగలగొట్టే గుణమేదో ఇందులో ఉంది. గొట్టం చల్లబడితే అది కణాలకే అతుక్కుపోతుంది. వాళ్ళు వెతికేదేమో పైన తేరిన తేటలో. ఇంకేం దొరుకుతుంది, నా తలకాయ!"

వేరాకు కోపం ముంచుకొచ్చింది. రెండేళ్ళు! కానీ ఎవరూ పట్టుకోని తప్పును తనంతట తానే వచ్చి చెప్పిన మనిషిని ఏమంటుంది?

నెట్టీ సిరంజిని వేడిగుడ్డలో చుట్టి ఉంచి, కొత్తగా నెత్తురు తీసింది. అది గడ్డకట్టి తేట విడేదాకా గంటసేపు ఒంటి వేడిలోనే ఉండాలి. అలా ఉంచే పెట్టె ఆ ఆసుపత్రిలో లేదు. నెట్టీ ఒక్కో చంకలో ఒక్కో గొట్టం పెట్టుకుని, చేతులు బిగించి కుర్చీలో కూర్చుంది.

"ఇరవై ఆరేళ్ళ కాపురంలో వేరా కూడా నన్నింత గట్టిగా పట్టుకోలేదు," అన్నాడు స్టెఫాన్ మంచం మీంచి.

"నోర్మూసుకుని పడుకోవయ్యా. నవ్వించావంటే నీ నెత్తురే జారిపడుద్ది."

ఫోను మోగితే వేరా ఎత్తి ఆవిడ చెవికి ఆనించింది. ఇంటినుంచి తెచ్చిన పెరోగీలు, బంగాళాదుంప కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి, ఫోర్కుతో గుచ్చి నోట్లో పెట్టింది.

"ఉల్లిపాయ ఇంకాస్త వేగాలి."

"తినిపిస్తుంటే మళ్ళీ వంకలా?"

చెమట కళ్ళలోకి కారుతున్నా నెట్టీ చెయ్యి కదపలేదు. వేరాయే తుడిచింది. గంట కాగానే, గొట్టాల్ని గిరగిరా తిప్పే యంత్రం గిన్నెల్లో చల్లబడకుండా వేడినీళ్ళు పోసి, వాటిని తిప్పి, తేటను వేరుచేసి, అప్పుడు పట్నానికి పంపింది.

తొమ్మిదో రోజున జవాబొచ్చింది. నెట్టీ అన్నదే నిజం. ఒళ్ళు వెచ్చగా ఉంచుకోవాలి, మంచు పని మానాలి. మానడమే స్టెఫాన్‌కు చేదైంది.

"రింక్ పక్కనున్న వంటగదిలో, అద్దం వెనక వెచ్చగా కూర్చుని, నీ మంచుని ఎవరెలా పాడుచేస్తున్నారో తిట్టుకో. తిడితే ఒళ్ళు కూడా వేడెక్కుద్ది," అంది నెట్టీ.

అతను అలాగే కూర్చున్నాడు, అలాగే తిట్టాడు. మంచు కరిగే నాటికి కళ్ళలో పచ్చదనం పోయింది.

తర్వాత కూడా, ఆసుపత్రికి వెచ్చపెట్టె వచ్చేదాకా, నెట్టీ అప్పుడప్పుడు చేతులు రెండూ ఒంటికి బిగించి వరండాలో నడిచొచ్చేది. ఆ వేళ ఊళ్ళోవాళ్ళు ఎవరూ పలకరించి ఆపేవారు కాదు. ముందే వెళ్ళి తలుపు తీసి పట్టుకునేవారు.